గ్రాఫ్ బాగుంది, చుక్కలు సాగాయి: ఒక గైడింగ్ కేసు

నేపథ్యం

రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీసే అభిరుచి ఉన్నవారికి పరికరాల చిక్కుల్లో చేతనైన సాయం చేయడం నాకు చాలా ఏళ్లుగా అలవాటు. నా దగ్గరకు వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక పూటలో తేలిపోతాయి. ఈ కేసు తేలడానికి మాత్రం దాదాపు మూడు నెలలు పట్టింది, అందులో రెండు వారాలు పూర్తిగా నా పొరపాటు వల్లే పోయాయి. ఆ పొరపాటు ఎక్కడ జరిగిందో చెప్పకుండా కేసు రాస్తే ఎవరికీ ఉపయోగం ఉండదు కాబట్టి దాన్ని కూడా దాచకుండా రాస్తున్నాను. ఈ చిక్కుతో నా దగ్గరకు వచ్చిన మిత్రుడిని గుర్తుపట్టగలిగే వివరాలను, పరికరాల తయారీదారుల పేర్లను తీసేశాను. కొలతలను మాత్రం ఉన్నవి ఉన్నట్టుగా ఉంచాను.

ఆయన ఈ రంగానికి కొత్తవారు కాదు. మొదట మామూలు కెమెరా లెన్సుతో, తర్వాత 400 మిల్లీమీటర్ల నాభ్యంతరం ఉన్న చిన్న రిఫ్రాక్టర్‌తో నాలుగేళ్లపాటు మంచి చిత్రాలు తీశారు. ఆ తర్వాత చిన్న గెలాక్సీల మీద మనసు పడి 200 మిల్లీమీటర్ల వ్యాసం, 800 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల ఎఫ్/4 న్యూటోనియన్ దూరదర్శినికి మారారు. దూరదర్శినిని మోస్తూ ఆకాశంతోపాటు మెల్లగా తిప్పే (ట్రాకింగ్ చేసే) మౌంట్ మాత్రం పాతదే. దాని ప్రధాన చక్రానికి 180 పళ్లు ఉన్నందున ఆ చక్రాన్ని నడిపే మరలాంటి కడ్డీ, అంటే వార్మ్, ఒక చుట్టు తిరగడానికి సుమారు 479 సెకన్లు పడుతుంది. కెమెరా 3.76 మైక్రాన్ల పిక్సెళ్లున్న మోనోక్రోమ్ రకం. గైడింగ్ అంటే ఒక నక్షత్రాన్ని మరో చిన్న కెమెరాతో గమనిస్తూ మౌంట్ గురిని ఎప్పటికప్పుడు సరిచేయడం; దానికి కూడా పాత ఏర్పాటే కొనసాగింది: 200 మిల్లీమీటర్ల నాభ్యంతరం గల చిన్న గైడ్‌స్కోప్, దాని వెనుక 3.75 మైక్రాన్ల పిక్సెళ్ల గైడ్ కెమెరా, రెండూ కలిపి గొట్టం మీదున్న ఫైండర్ షూలో (చిన్న దూరదర్శినిని తగిలించే గాడిలో) ఒకే ఒక మరతో బిగించి ఉండేవి.

ఈ అంకెలను లెక్కలోకి మారిస్తే అసలు సంగతి కనబడుతుంది. పిక్సెల్ కొలతను మైక్రాన్లలో తీసుకుని 206.265తో గుణించి, నాభ్యంతరంతో భాగిస్తే ఒక పిక్సెల్ ఆకాశంలో ఎన్ని ఆర్క్‌సెకన్లను (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) చూస్తుందో తెలుస్తుంది. పాత రిఫ్రాక్టర్‌తో ఆయన కెమెరాలోని ఒక్కో పిక్సెల్ సుమారు 1.94 ఆర్క్‌సెకన్లను చూసేది. కొత్త దూరదర్శినితో అది 0.97కు దిగింది, అంటే ఇదివరకు కంటికి ఆనని దోషం ఇప్పుడు రెట్టింపు పరిమాణంలో కనబడుతుంది. గైడ్ కెమెరా మాత్రం ఇప్పటికీ ఒక్కో పిక్సెల్‌కు 3.87 ఆర్క్‌సెకన్ల దగ్గరే ఉంది.

వచ్చిన సమస్య

ఆయన దేవయాని రాశిలోని ఎన్‌జీసీ 891ను తీస్తున్నారు. అంచు వైపు నుంచి కనిపించే గెలాక్సీ కాబట్టి సన్నని కాంతిరేఖలా ఉంటుంది, దాని మధ్యలో నిలువునా ఒక నల్లని ధూళి పట్టీ ఉంటుంది. ఆ పట్టీ అంచుల్లోని పోగుల్లాంటి చీలికలు రావాలనే ఎవరైనా ఆ గెలాక్సీ జోలికి వెళ్తారు. ఆయన చిత్రంలో ఆ చీలికలు లేవు, పట్టీ మసకబారిన గీతలా ఉంది. చుట్టూ ఉన్న చుక్కలన్నీ ఒకే దిశలో సాగి, బియ్యపుగింజల్లా ఉన్నాయి.

ఒక్కో ఎక్స్‌పోజర్ 300 సెకన్లు. చుక్కల ఉత్కేంద్రత సగటున 0.6 దాటింది. సున్నా అంటే పరిపూర్ణ వృత్తం, 0.4 దాటాక కన్ను పట్టేస్తుంది, 0.6 అంటే చుక్క పొడవు వెడల్పు కంటే నాలుగో వంతు ఎక్కువ. సగానికి పైగా ఫ్రేములను ఆయన పారేస్తున్నారు.

దీనితోపాటు, గైడ్ నక్షత్రం తన చోటు నుంచి ఎంత తప్పిందో చూపే గైడింగ్ గ్రాఫ్ కూడా ఆయన నాకు పంపారు. రెండు అక్షాల మీదా గీతలు సమతలంగా, పెద్దగా ఎగుడుదిగుడులు లేకుండా ఉన్నాయి. మొత్తం ఆర్‌ఎమ్‌ఎస్ దోషం, అంటే గురి ఒక రకమైన సగటున తప్పే దూరం, 0.6 ఆర్క్‌సెకన్లు. ఆ తరగతి మౌంట్‌కు అది మంచి అంకె. ఆయన అడిగిన ప్రశ్న కూడా సరిగ్గా దాని గురించే: "గ్రాఫ్ ఇంత బాగుంటే చుక్కలు ఎందుకు సాగుతున్నాయండీ? మౌంట్ మార్చేయమంటారా?"

మౌంట్ మార్చవద్దని మాత్రం వెంటనే చెప్పాను. ఆ ఒక్క సలహా సరైనదే. ఆ తర్వాత ఇచ్చిన సలహా తప్పు.

మొదట చేసినవి, అవి ఎందుకు పనిచేయలేదు

గ్రాఫ్ బాగుండి చుక్కలు సాగితే పోలార్ అలైన్‌మెంట్‌ను అనుమానించడం మా అలవాటు. మౌంట్ అక్షం ఖగోళ ధ్రువానికి సరిగ్గా గురిపెట్టి లేకపోతే గైడింగ్ ఒక నక్షత్రాన్ని కదలకుండా పట్టుకోగలదు గానీ, ఆ నక్షత్రం చుట్టూ మిగతా క్షేత్రం మెల్లగా తిరుగుతుంది. ఈ వివరణ తెలిసినదే, సరైనదే. తెలిసిన వివరణ నోటికి ముందు వచ్చింది కాబట్టి లెక్క వేయకుండానే "అలైన్‌మెంట్ మళ్లీ చేయండి" అన్నాను. అప్పటికి ఆయన దోషం 5 ఆర్క్‌నిమిషాల (డిగ్రీలో పన్నెండో వంతు) దగ్గర ఉంది. వరుసగా రెండు నిర్మలమైన రాత్రులు దానికే వెచ్చించి 1 ఆర్క్‌నిమిషం లోపుకు తెచ్చారు. చుక్కల్లో వీసమెత్తు మార్పు లేదు. తర్వాత మబ్బులు కమ్మాయి.

ఆ ఖాళీ రోజుల్లో నేను ముందే వేయవలసిన లెక్క వేశాను. గైడ్ నక్షత్రం, కెమెరా చూస్తున్న క్షేత్రం ఒక డిగ్రీ ఎడంగా ఉన్నాయనుకుందాం. 5 ఆర్క్‌నిమిషాల అలైన్‌మెంట్ దోషం వల్ల గంటలో క్షేత్రం తిరిగే కోణం ఎంతో చూస్తే, ఒక డిగ్రీ దూరంలో అది మహా అయితే 2 ఆర్క్‌సెకన్ల జరుగుదలకు సమానం. ఒక్క 300 సెకన్ల ఎక్స్‌పోజర్‌లోనే ఆయన చుక్కలు అంతకంటే ఎక్కువ సాగుతున్నాయి. అంత జరుగుదల కేవలం అలైన్‌మెంట్ వల్ల రావాలంటే అక్షం దాదాపు 2 డిగ్రీలు తప్పి ఉండాలి. ధ్రువనక్షత్రమే అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీ లోపు దూరంలో ఉంది కాబట్టి, కళ్లు మూసుకుని ధ్రువనక్షత్రానికి గురిపెట్టినా 2 డిగ్రీలు తప్పదు. పైగా 1 ఆర్క్‌నిమిషం దోషానికి డిక్లినేషన్‌లో, అంటే ఉత్తర-దక్షిణ దిశలో, నిమిషానికి 0.26 ఆర్క్‌సెకను వరకు జారుడు ఉంటుంది, 2 డిగ్రీలైతే అది 30 దాటుతుంది, గైడింగ్ సాఫ్ట్‌వేర్ ఆగకుండా ఒకే వైపు సవరణ పల్సులు పంపుతూ కేకలు పెట్టేది. కాగితం మీద పది నిమిషాల పని. చేసి ఉంటే రెండు రాత్రులు దక్కేవి.

ఈలోగా ఆయన తనంతట తాను గైడింగ్ అమరికలతో కుస్తీ పట్టారు. గైడ్ ఎక్స్‌పోజర్‌ను 1 సెకను నుంచి 3 సెకన్లకు పెంచి, అగ్రెసివ్‌నెస్ (ఒక్కో సవరణ ఎంత బలంగా ఉండాలో చెప్పే అమరిక) తగ్గించి, బరువును తూర్పు వైపు కాస్త మొగ్గేలా సర్ది ఆర్‌ఎమ్‌ఎస్‌ను 0.6 నుంచి 0.5కు దించారు. గ్రాఫ్ మరింత అందంగా తయారైంది, చుక్కలు అలాగే ఉన్నాయి. ఈ దశలో చాలామంది ఇంకొన్ని వారాలు అమరికల్లోనే కొట్టుకుపోతారు, ఎందుకంటే అంకె తగ్గుతున్నంతసేపు పని జరుగుతున్నట్టే అనిపిస్తుంది.

మలుపు: గ్రాఫ్ పక్కన పెట్టి చిత్రం చూడడం

అలైన్‌మెంట్ లెక్క తేలాక, ఆయన మొదటి రోజు పంపిన పూర్తి చిత్రాన్ని మళ్లీ తెరిచాను. అప్పటివరకు చుక్కల ఆకారాన్నే చూశాను, ఈసారి నేపథ్యాన్ని వెలిగించి చూశాను. ఆకాశమంతా సన్నని వాలు గీతలు, గాలికి వాలిన వాన జల్లులా, అన్నీ ఒకే కోణంలో ఉన్నాయి. దీన్ని వాకింగ్ నాయిస్ అంటారు. సెన్సర్ మీద వేడి పిక్సెళ్లు, అంటే కాంతి పడకపోయినా వెలిగే పిక్సెళ్లు, ఎక్కడివక్కడే ఉంటాయి. ఫ్రేము ఫ్రేముకూ ఆకాశం ఒకే దిశలో కొద్దికొద్దిగా జరుగుతూ ఉంటే, నక్షత్రాలను ఒకదానిపై ఒకటి కలిపి స్టాక్ చేసినప్పుడు ఆ వేడి పిక్సెళ్లే గీతలుగా సాగుతాయి. డిథరింగ్ చేస్తే, అంటే ఫ్రేముల మధ్య గురిని కావాలనే అటూ ఇటూ చెదరగొడితే, ఆ గీతలు విడిపోయి మాయమవుతాయి. సమయం వృథా అవుతోందని ఆయన డిథరింగ్ ఆపేశారు. ఆ ఆపేయడమే మాకు సాక్ష్యాన్ని మిగిల్చింది.

ఆ గీతల కోణాన్ని, చుక్కలు సాగిన కోణాన్ని కొలిచి చూస్తే రెండూ ఒక్కటే. అంటే ఒక ఎక్స్‌పోజర్ లోపల జరుగుతున్నదీ, ఫ్రేముల మధ్య గంటల తరబడి జరుగుతున్నదీ ఒకే నెమ్మది కదలిక. ఈ రుజువు మొదటి రోజే నా చేతికి వచ్చింది, నేను గ్రాఫ్ వైపు చూస్తూ కూర్చున్నాను.

ఇక ఊహలు మాని మూడు పరీక్షలు అడిగాను. ఒక్కొక్కటీ ఒక్కో అనుమానాన్ని కొట్టివేసేలా ఎంచుకున్నాను.

మొదటిది, అదే చోట 10 సెకన్ల ఎక్స్‌పోజర్లు. వాటిలో చుక్కలు గుండ్రంగా ఉన్నాయి. కాబట్టి కోమా (అంచుల్లోని చుక్కలకు తోక రావడం), కొలిమేషన్ (దర్పణాల గురి కుదరకపోవడం), సెన్సర్ వాలు వంటి దృశాశాస్త్రపరమైన దోషాలు చిత్రం మధ్యభాగానికి కారణం కావు, ఎందుకంటే అవి 10 సెకన్లలోనూ అంతే కనబడాలి.

రెండోది, ఎక్స్‌పోజర్ మధ్యలో ట్రాకింగ్ ఆపడం. ట్రాకింగ్ ఆగగానే చుక్కలు తూర్పు-పడమర దిశలో గీతలు గీస్తాయి, ఆ గీత రైట్ అసెన్షన్ అక్షం దిశను చూపిస్తుంది. సాగుదల దానికి సుమారు 35 డిగ్రీల వాలులో ఉంది. వార్మ్ చక్రం దోషమైతే సరిగ్గా ఆ గీత వెంటే ఉండాలి, పైగా 479 సెకన్లకొకసారి ముందుకూ వెనక్కూ ఊగాలి. ఇది ఊగడం లేదు, ఒకే వైపు పోతోంది. మౌంట్ నిర్దోషి అని ఇక్కడ తేలింది.

మూడోదే అసలైనది: డిథరింగ్ లేకుండా, గైడింగ్ చేస్తూనే వరుసగా 12 ఫ్రేములు తీసి, అలైన్ చేయకుండా మొదటి ఫ్రేములోనూ చివరి ఫ్రేములోనూ ఒకే నక్షత్రం ఏ పిక్సెల్ మీద ఉందో రాసుకోవడం. గంటలో నక్షత్రం 43 పిక్సెళ్లు జరిగింది, అంటే సుమారు 42 ఆర్క్‌సెకన్లు, నిమిషానికి 0.7. ఆ గంటంతా గైడ్ నక్షత్రం గైడ్ కెమెరాలో ఉన్నచోటు నుంచి కదలలేదు.

తూనికరాయే అరిగిపోతే తక్కెడ ముల్లు ఎంత నిటారుగా నిలిచినా తూకం తప్పే. గైడ్‌స్కోప్, ప్రధాన దూరదర్శిని రెండూ ఒకే దిక్కుకు చూస్తున్నాయన్న నమ్మకం మీద మొత్తం గైడింగ్ నడుస్తుంది. గొట్టం ఆకాశంలో తిరుగుతున్నకొద్దీ గురుత్వం లాగే దిశ మారి, ఆ రెండింటిలో ఏ ఒక్కటి రవ్వంత వంగినా, గైడ్ కెమెరా తన నక్షత్రాన్ని తన పిక్సెల్ మీద పట్టి ఉంచడానికి మౌంట్‌ను జరుపుతుంది, ఆ జరుపుడు ప్రధాన చిత్రాన్ని చెడగొడుతుంది. గ్రాఫ్ దృష్టిలో అంతా సవ్యమే. దీన్ని డిఫరెన్షియల్ ఫ్లెక్షర్ అంటారు.

ఎంత వంగితే ఇంత నష్టం అనేది ఆయనకు నమ్మశక్యంగా అనిపించలేదు, అందువల్ల ఆ లెక్క కూడా ఇక్కడ ఇస్తున్నాను. 200 మిల్లీమీటర్ల గైడ్‌స్కోప్‌లో 1 ఆర్క్‌సెకను అంటే సెన్సర్ దగ్గర దాదాపు 1 మైక్రాను. ఒక 300 సెకన్ల ఎక్స్‌పోజర్‌ను పాడుచేసిన 3.5 ఆర్క్‌సెకన్ల జరుగుదలకు గైడ్ కెమెరా మూడున్నర మైక్రాన్లు కుంగితే చాలు. ఒక మర, ఒక ప్లాస్టిక్ మొన, వేలాడుతున్న ఒక యూఎస్‌బీ తీగ, వీటిలో ఏదైనా ఆ పని చేయగలదు.

సగం ఫలించిన బాగుసేత

తొలి అనుమానం సహజంగానే ఫైండర్ షూ మీద పడింది. ఒంటి మరతో నిలిచిన గైడ్‌స్కోప్‌ను తీసేసి, రెండు రింగులతో మందపాటి డవ్‌టెయిల్ పట్టీకి బిగించారు. తీగలను గొట్టానికి కట్టేశారు. మళ్లీ అదే 12 ఫ్రేముల పరీక్ష చేస్తే జరుగుదల నిమిషానికి 0.7 నుంచి 0.4 ఆర్క్‌సెకనుకు తగ్గింది. ఆయన సంతోషించారు. నాకు మాత్రం ఒక విషయం నచ్చలేదు: అంకె తగ్గడంతోపాటు దిశ కూడా మారింది. కారణం ఒక్కటే అయితే, దాన్ని సగం సరిచేసినప్పుడు జరుగుదల సగమవ్వాలి గానీ దిశ మారకూడదు. దిశ మారిందంటే మొదట కనబడినది రెండు కదలికల మొత్తమని, వాటిలో ఒకటి పోయి రెండోది ఒంటరిగా మిగిలిందని అర్థం. లక్ష్యం ఆకాశపు మధ్యరేఖ దాటాక గొట్టాన్ని మౌంట్ అవతలి వైపుకు తిప్పే మెరిడియన్ ఫ్లిప్ తర్వాత ఆ మిగిలిన జరుగుదల వేరే వైపుకు తిరిగింది, అంటే ఇదీ గురుత్వం పనే.

రెండో దొంగను పట్టుకోవడానికి రాత్రి అవసరం రాలేదు. ఒక మధ్యాహ్నం గదిలో గొట్టాన్ని మౌంట్ మీద పెట్టి, కెమెరా కూర్చునే ఫోకసర్‌లో, దర్పణాల గురి సరిచూసే లేజర్ కొలిమేటర్ బిగించమన్నాను. కొలిమేటరే దాని గుంతలో వదులుగా ఉంటే పరీక్షంతా వ్యర్థం కాబట్టి, ముందుగా దాన్ని అక్కడే తిప్పి లేజర్ చుక్క కదలడం లేదని చూసుకున్నారు. ఈ పరీక్షలో రెండు లేజర్ చుక్కలను చూడాలి. ప్రధాన దర్పణం మధ్యలోని వలయం మీద పడే చుక్క కదిలితే ఫోకసర్ గానీ ద్వితీయ దర్పణం గానీ వంగుతున్నట్టు. అది నిలిచి ఉండి, తిరిగి వచ్చి కొలిమేటర్ ముఖం మీద పడే చుక్క మాత్రమే కదిలితే ప్రధాన దర్పణం వాలుతున్నట్టు.

గొట్టాన్ని నిలువు నుంచి మెల్లగా వాల్చుతూ ఆయన ఫోన్‌తో వీడియో తీశారు. వలయంలోని చుక్క దాదాపు చలించలేదు. కొలిమేటర్ ముఖం మీది ఎర్ర చుక్క మాత్రం కాసేపు కదలకుండా ఉండి, హఠాత్తుగా కొంచెం జారి, ఆగి, మళ్లీ జారింది. 30 డిగ్రీల ఎత్తుకు వచ్చేసరికి అర మిల్లీమీటరు పక్కకు పోయింది. ఆ ఆగి ఆగి జారడంలోనే జవాబు ఉంది: లోహం వంగితే సాఫీగా వంగుతుంది, వదులుగా కూర్చున్న గాజు మాత్రమే అలా తడబడుతుంది.

ప్రధాన దర్పణం తన అమరికలో వదులుగా ఉంది. వదులు చేసింది ఆయనే. అంతకుముందు ప్రకాశవంతమైన చుక్కలు ముక్కోణాకారంలో వస్తున్నాయని, దర్పణాన్ని పట్టి ఉంచే మూడు క్లిప్పులను సడలించారు. ఇప్పుడు వాటినే బిగించి చూశారు. జరుగుదల తగ్గింది, ముక్కోణాలు తిరిగి వచ్చాయి. క్లిప్పులకూ గాజుకూ మధ్య కాగితం మందం ఖాళీ ఉంచితే ముక్కోణాలు పోయాయి, జరుగుదల నిమిషానికి 0.3 దగ్గర ఆగింది. ఆ దర్పణం అమరికలో అంతకంటే మెరుగైన రాజీ దొరకలేదు. దర్పణం వాలితే ప్రతిబింబం దానికి రెట్టింపు కోణంలో జరుగుతుంది కాబట్టి, 200 మిల్లీమీటర్ల దర్పణం ఒక అంచున 20 మైక్రాన్లు, అంటే వెంట్రుక మందంలో కొంత భాగం, కుంగినా 40 ఆర్క్‌సెకన్లు పోతాయి. దాన్ని ఇంట్లో చేసే మరమ్మతులతో పూర్తిగా నిర్మూలించవచ్చని నేను అనుకోను.

పరిష్కారం గురించిన ఆలోచన

ఇక్కడ రెండు దారులు ఉన్నాయి. దర్పణం అమరికను సమూలంగా మార్చడం ఒకటి. గైడింగ్ కాంతిని ఆ దర్పణం నుంచే తీసుకునే ఆఫ్-యాక్సిస్ గైడర్ పెట్టడం రెండోది. కెమెరా ముందు చిన్న పట్టకం ఒకటి నిలబడి, సెన్సర్‌కు అందని అంచు కాంతిని గైడ్ కెమెరాకు మళ్లిస్తుంది. దర్పణం వాలినా, ఫోకసర్ కుంగినా రెండు కెమెరాల్లోనూ ఒకే జరుగుదల కనబడుతుంది, గైడింగ్ దాన్ని సరిచేస్తుంది. దోషం ఉంటుంది, తేడా ఉండదు.

అయితే నేను రెండో దారిని వెంటనే సూచించలేదు, అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలిపోయింది: అసలు 300 సెకన్లు ఎందుకు? ఎవరో చెప్పారు, ఆయన పాటించారు. నిజానికి ఒక ఎక్స్‌పోజర్ ఎంతసేపు ఉండాలనేది కెమెరా రీడ్ నాయిస్ (ఫ్రేమును చదివిన ప్రతిసారీ కెమెరా కలిపే చిన్న దోషం), ఆకాశపు నేపథ్య కాంతి తేల్చాలి. నేపథ్యం నుంచి పిక్సెల్‌కు వచ్చే ఎలక్ట్రాన్ల సంఖ్య రీడ్ నాయిస్ వర్గానికి పది రెట్లు ఉంటే, రీడ్ నాయిస్ వల్ల మొత్తం నాయిస్‌లో పెరుగుదల దాదాపు 5 శాతానికి పరిమితమవుతుంది. ఆయన కెమెరా రీడ్ నాయిస్ సుమారు 1.5 ఎలక్ట్రాన్లు, దాని వర్గానికి పది రెట్లంటే 22.5. ఎర్ర ఫిల్టర్ ఫ్రేముల్లో నేపథ్యం కొలిస్తే పిక్సెల్‌కు సెకనుకు దాదాపు ఒకటిన్నర ఎలక్ట్రాన్లు వస్తున్నాయి. అంటే 15 సెకన్లు చాలు. 300 సెకన్ల వల్ల ఆయనకు దక్కుతున్న అదనపు లాభం దాదాపు శూన్యం, నష్టం మాత్రం కళ్ల ముందే ఉంది.

కాబట్టి ఎన్‌జీసీ 891కు పైసా ఖర్చులేని మందు దొరికింది. ఎక్స్‌పోజర్‌ను 120 సెకన్లకు తగ్గించి, డిథరింగ్ మళ్లీ మొదలుపెట్టారు. నిమిషానికి 0.3 జరుగుదలతో 120 సెకన్లలో పోయేది 0.6 ఆర్క్‌సెకను, వాతావరణం పరిచే 3 ఆర్క్‌సెకన్ల మసకలో అది మునిగిపోతుంది. ఉత్కేంద్రత 0.4 కిందకు వచ్చింది, ధూళి పట్టీ అంచున చీలికలు తేలాయి. ఆ గెలాక్సీ ఒక్కటే తీయాలనుకుంటే కేసు అక్కడితో ముగిసేది.

ఆయనకు హైడ్రోజన్-ఆల్ఫా ఫిల్టర్‌తో శర్మిష్ఠ రాశిలోని బబుల్ నెబ్యులా, అంటే ఎన్‌జీసీ 7635, తీయాలని కూడా ఉంది. 656.3 నానోమీటర్ల చుట్టూ సన్నని పట్టీని మాత్రమే వదిలే ఆ ఫిల్టర్‌తో నేపథ్యం సెకనుకు 0.05 ఎలక్ట్రాన్లకు పడిపోయింది. అదే సూత్రంతో 450 సెకన్లు కావాలి. అక్కడ ఎక్స్‌పోజర్ తగ్గించడం కుదరదు, ఆఫ్-యాక్సిస్ గైడర్ తప్పదు. కొనమని చెప్పింది ఈ లెక్క తర్వాతే.

దాని ఇబ్బందులు కూడా ముందే చెప్పాను. గైడ్‌స్కోప్ ద్వారా గైడ్ కెమెరాకు సుమారు 1.4 డిగ్రీల పొడవు, 1 డిగ్రీ వెడల్పు ఆకాశం కనబడేది. 800 మిల్లీమీటర్ల నాభ్యంతరంలో అదే కెమెరాకు కనబడేది 21 బై 15 ఆర్క్‌నిమిషాలు, విస్తీర్ణంలో పదహారో వంతు. నక్షత్రాలు పలచగా ఉన్న చోట గైడ్ నక్షత్రం దొరకక పోవచ్చు. కోమా కరెక్టర్ నుంచి సెన్సర్‌కు ఉండవలసిన 55 మిల్లీమీటర్ల దూరంలోనే ఈ కొత్త ముక్క కూడా ఇమడాలి, ఫిల్టర్ చక్రం మందాన్ని కలుపుకుని.

అది ఇమిడింది, అర మిల్లీమీటరు స్పేసర్ ఒకటి వేయవలసి వచ్చింది. మొదటి సాయంత్రం పట్టకం సెన్సర్ వైపు ఎక్కువ దిగి చిత్రం అంచున నీడ పడింది, రెండు మిల్లీమీటర్లు పైకి లాగితే పోయింది. గైడ్ కెమెరా ఫోకస్ పగటిపూట దూరంగా ఉన్న ఒక స్తంభం మీద సరిచూసుకున్నారు, లేకుంటే ఒక రాత్రి దానికే పోయేది. గైడ్ నక్షత్రాలు తోకచుక్కల్లా వంకరగా కనిపిస్తున్నాయని కంగారుపడ్డారు. పట్టకం కోమా కరెక్టర్ సరిదిద్దే వలయానికి బయట ఉంటుంది కాబట్టి అలాగే ఉంటాయి, సాఫ్ట్‌వేర్‌కు కావలసింది నక్షత్రపు కాంతి కేంద్రమే కాబట్టి పని నడుస్తుంది.

మొదటి పూర్తి రాత్రి

నెబ్యులా మీద 450 సెకన్ల తొలి ఫ్రేము పూర్తికాకముందే ఆయన దగ్గర్నుంచి సందేశం వచ్చింది. గ్రాఫ్ భయంకరంగా ఉందని, ఆర్‌ఎమ్‌ఎస్ 2.8 చూపిస్తోందని, అన్నీ విప్పేసి పాత గైడ్‌స్కోప్ పెట్టేస్తానని. ఫ్రేము పూర్తయ్యాక ఆ ఒక్క ఫ్రేము పంపమన్నాను. వచ్చింది. నెబ్యులా మధ్యలో సన్నని పొర లాంటి బుడగ అంచు, దాని చుట్టూ చుక్కలు, అన్నీ గుండ్రంగా ఉన్నాయి. ఉత్కేంద్రత 0.36.

ఆయన సాఫ్ట్‌వేర్‌లో నాభ్యంతరాన్ని 200 నుంచి 800కు మార్చలేదు. సాఫ్ట్‌వేర్ కొలిచేది పిక్సెళ్లలో, వాటిని ఆర్క్‌సెకన్లుగా మార్చేది మనం ఇచ్చిన నాభ్యంతరంతో. కాబట్టి ఒక్కో పిక్సెల్‌ను 3.87 ఆర్క్‌సెకన్లుగా లెక్కవేస్తూ, 0.7 ఉన్న దోషాన్ని నాలుగు రెట్లు చేసి చూపించింది. అంకె మార్చి మళ్లీ కాలిబ్రేషన్ చేశాక గ్రాఫ్ కూడా సర్దుకుంది.

మర్నాడు 12 ఫ్రేముల పరీక్షను చివరిసారి చేయించాను, ఈసారి 450 సెకన్లవి. గంటన్నరలో నక్షత్రం రెండు పిక్సెళ్ల లోపే జరిగింది. మిగిలిన ఆ రెండు పిక్సెళ్లు ఎక్కడివో వెతకనక్కర్లేదని ఇద్దరమూ ఒప్పుకున్నాం. ఇప్పుడు చిత్రం కింది కుడి మూలలో మాత్రం చుక్కలు కొద్దిగా వంకరగా ఉన్నాయి. అవి 10 సెకన్ల ఫ్రేములోనూ అలాగే ఉన్నాయని ఆయనే చూసి చెప్పారు, స్పేసర్‌ను అనుమానిస్తున్నారు. కెమెరాను 90 డిగ్రీలు తిప్పి ఇంకో 10 సెకన్ల ఫ్రేము తీస్తానన్నారు, వంకర కెమెరాతో పాటు తిరుగుతుందో, ఉన్నచోటే ఉంటుందో చూడడానికి. ఈసారి గ్రాఫ్ పంపలేదు.